కలం, అచ్చు, స్క్రీన్: కృష్ణాతీర వస్త్రముద్రణలో పద్ధతి ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

టీషర్టుపై కోరిన బొమ్మను వేయించుకునేవారికి నేడు స్క్రీన్ ప్రింటింగ్, డిజిటల్ ముద్రణ, సబ్లిమేషన్ వంటి పలు పద్ధతులు అందుబాటులో ఉన్నాయి. వీటిలో దేనిని ఎంచుకోవాలన్నది కేవలం నేటి వ్యాపారసమస్యగా కనిపిస్తుంది. కాని ఇదే ప్రశ్న 17వ శతాబ్దంలో మచిలీపట్నం వస్త్రకారుల ముందు కలమా, అచ్చా అనే రూపంలో నిలిచింది. ఎన్ని ప్రతులు, ఏ రంగులు, ఏ గుడ్డ అనే మూడు అంశాలు ప్రతి దశలోనూ పద్ధతిని నిర్ణయించాయని, పద్ధతి మారినా ‘కలంకారీ’ అనే పేరు మారకపోవడం వల్ల శ్రమకు దక్కవలసిన గుర్తింపు మరుగునపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కలంకారీ, అద్దకం, అచ్చు, మచిలీపట్నం, పెడన, చిల్లకల్లు, స్క్రీన్ ప్రింటింగ్, డిజిటల్ ముద్రణ.

1. ప్రవేశిక:

పూణే నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు జాతీయ రహదారిపై, నందిగామ, జగ్గయ్యపేటల నడుమ చిల్లకల్లు ఉంది. పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతానికి చెందిన ఈ గ్రామం 2022 జిల్లాల పునర్విభజనతో ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. ఇది వస్త్రాద్దకానికి పేరుపొందిన ఊరు కాదు. అందువల్లనే కొనుగోలుదారుని వైపు నుండి ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన స్థానం. ఇటువంటి ఊరిలో ఒక వినాయకచవితి ఉత్సవసంఘమో, క్రీడాజట్టో తమ పేరుతో టీషర్టులు వేయించుకోదలిస్తే ముద్రణదుకాణంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘ఎన్ని కావాలి?’ అన్నది. రెండవది ‘ఎన్ని రంగులు?’ అన్నది. మూడవది ‘గుడ్డ నూలుదా, పాలియెస్టరుదా?’ అన్నది. ఈ మూడింటికీ వచ్చిన సమాధానాలను బట్టి పద్ధతి నిర్ణయమవుతుంది.

ఈ మూడు ప్రశ్నలూ కొత్తవి కావు. ఇదే రహదారికి తూర్పుకొసన ఉన్న మచిలీపట్నంలో నాలుగు శతాబ్దాల క్రితమే ఇవి వినిపించాయి. కలంకారీపై వచ్చిన రచనలు ఎక్కువగా దాని సౌందర్యాన్ని, పౌరాణిక ఇతివృత్తాలను, విదేశీవాణిజ్యాన్ని వివరించాయి. ఒక పద్ధతి ఉండగా మరొక పద్ధతి ఎందుకు వచ్చింది, దేనిని ఎప్పుడు ఎంచుకున్నారు అన్న ప్రశ్నను కేంద్రంగా చేసుకొని ఆ చరిత్రను మళ్లీ చదవడం ఈ వ్యాస ఉద్దేశం.

2. మెట్ట, తీరం, బాట:

వస్త్రముద్రణకు ముడిసరుకులు మూడు: గుడ్డ, రంగు, నీరు. కృష్ణాతీరంలో ఈ మూడూ ఒకేచోట లభించేవి కావు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు నల్లరేగడి నేలలు పత్తికి అనువైనవి. ఎర్రరంగునిచ్చే చిరివేరు మాత్రం తీరపు ఇసుకనేలల పంట. గవ్వల సున్నం కలిసిన నేలలో పెరిగిన వేరు మరింత మంచి ఎరుపునిస్తుంది. నిజాంపట్నం పరిసరాల చిరివేరుకు విదేశీవర్తకులలో ప్రత్యేకమైన పేరుండేది. ఆ నిజాంపట్నమే వారి పత్రాలలో ‘పెటపోలి’గా కనిపిస్తుంది. అద్దిన గుడ్డను పలుమార్లు ఉతకడానికి పారే నీరు సమృద్ధిగా కావాలి. అది డెల్టాలో ఉంది.

గోల్కొండ రాజధానినీ మచిలీపట్నం రేవునూ కలిపిన బాట ఈ మెట్టప్రాంతం గుండానే సాగింది. అంతకు ఎంతో ముందే ఇది జనసంచారం, దాతృత్వం ఉన్న ప్రాంతమని జగ్గయ్యపేట బౌద్ధస్తూపం, అక్కడి ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని కాలపు శాసనాలు తెలుపుతున్నాయి. 13వ శతాబ్దపు చివరలో మార్కోపోలో మోటుపల్లి ప్రాంతపు సన్నని వస్త్రాలను సాలెగూడుతో పోల్చాడు. తీరానికీ లోనాడుకూ నడుమ సరుకు నడిచిన ఈ నేపథ్యం లేకుండా మచిలీపట్నం అద్దకాన్ని అర్థం చేసుకోలేం. అది ఒక ఊరి కళ కాదు. మెట్ట, తీరం కలిసి నిలిపిన పరిశ్రమ.

3. కలమా, అచ్చా – 17వ శతాబ్ది సాక్ష్యం:

17వ శతాబ్దపు తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తకస్థానాలను నెలకొల్పారు. 1618–1622 మధ్య అక్కడ పనిచేసిన విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యాన్ని గురించిన తన రచనలో ఈ వస్త్రాలను ప్రశంసించాడు. ఆయన గమనింపులో రెండు అంశాలు ముఖ్యమైనవి. మొదటిది: మేలైన వస్త్రాలు కుంచెతో చిత్రించినవి. రెండవది: గుడ్డ చినిగేదాకా ఉతికినా రంగు పోదు, దానికి కారణం చిరివేరు. ‘మేలైనవి కుంచెతో చేసినవి’ అనడంలోనే మరోవిధంగా చేసిన తక్కువతరగతి సరుకు కూడా ఉన్నదనే సూచన ఉంది.

ఈ సూచనకు స్పష్టమైన వివరణ ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే యాత్రాగ్రంథంలో (1676) లభిస్తుంది. కలంతో చిత్రించే వస్త్రాలు గోల్కొండ రాజ్యంలో, ముఖ్యంగా మచిలీపట్నం పరిసరాలలో తయారవుతాయని, ఆ పని తెలిసినవారందరినీ పురమాయించినా మూడు బేళ్ల సరుకు దొరకడం కష్టమని ఆయన రాశాడు. మొగలు సామ్రాజ్యంలో తయారయ్యే వస్త్రాలు అచ్చువేసినవని, అవి అందంలోనూ నూలు సన్నదనంలోనూ వీటికి సాటిరావని పోల్చాడు. పద్ధతుల ఎంపిక చరిత్రకు ఈ వాక్యాలు అత్యంత విలువైన ఆధారం. కలం నాణ్యతను ఇచ్చింది, పరిమాణాన్ని ఇవ్వలేకపోయింది. అచ్చు పరిమాణాన్ని ఇచ్చింది, నాణ్యతలో వెనుకబడింది. చక్రవర్తుల విడిదిగుడారాల లోపలి అలంకరణకు మచిలీపట్నం చిత్రవస్త్రాలు వాడేవారని బెర్నియే రాతల వల్ల తెలుస్తుంది. అటువంటి కొనుగోలుదారునికి ‘ఎన్ని?’ అన్నది ప్రశ్న కాదు. ఓడల కొద్దీ సరుకు ఎగుమతి చేయదలచిన కంపెనీకి అదే మొదటి ప్రశ్న.

కోరిన విధంగా చేయించుకోవడం కూడా ఆనాడే ఉంది. 1643లో ఆంగ్ల కంపెనీ డైరెక్టర్లు సూరత్ వర్తకస్థానానికి రాస్తూ, ముదురు ఎరుపు నేలకు బదులు తెల్లని నేలపై రంగుపూలు, కొమ్మలు ఉన్న దుప్పట్లు పంపమని కోరారు. మచిలీపట్నం చిత్రకారులకు కూడా కంపెనీలు నమూనాలు ఇచ్చి, బయానాలు చెల్లించి పని చేయించుకున్నాయి. కొనేవాడు నమూనా పంపడం, చేసేవాడు దానిని తన చేతివాటానికి అనుగుణంగా మలచుకోవడం ఈ వాణిజ్యపు స్వభావం.

కలానికీ అచ్చుకూ నడుమ మూడవ ఉపాయం ఒకటుంది. కాగితంపై బొమ్మ గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, గుడ్డపై పరచి బొగ్గుపొడి అద్దితే చుక్కలచాలుగా బొమ్మ దిగుతుంది. ఆ చుక్కలపై కలం నడుస్తుంది. ఒకే నమూనాను ఎన్ని గుడ్డలపైనైనా ఎత్తవచ్చు, గీత మాత్రం చేతిదే. చిల్లుల గుండా పొడిని దించే ఈ సూత్రానికి తరువాతి కాలపు స్క్రీన్ ప్రింటింగ్‌తో పోలిక ఉంది.

4. రంగు నిర్ణయించిన పద్ధతి:

ఈ అద్దకపు రసాయనం తెలియకపోతే పద్ధతుల భేదం అర్థం కాదు. చిరివేరు ఎరుపు నూలుపై నేరుగా నిలవదు. ముందుగా గుడ్డను కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెడతారు. ఎరుపు కావలసినచోట పటికనీటిని, నలుపు కావలసినచోట ఇనుపముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవాన్ని వేస్తారు. తరువాత గుడ్డను చిరివేరుతో ఉడికిస్తే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు స్థిరపడుతుంది. మిగిలినచోట అంటిన రంగు ఉతుకుతో, ఎండతో పోతుంది. అంటే కలమైనా అచ్చైనా గుడ్డపై వేసేది ఎర్రరంగును కాదు, ఎరుపు పట్టే చోటును. వేసే పరికరం ఏదైనా రంగు నూలుపోగులోనే బంధితమవుతుంది. మెథ్‌వోల్డ్‌ను ఆశ్చర్యపరచిన మన్నిక రహస్యం ఇదే.

నీలిమందు స్వభావం దీనికి భిన్నం. తొట్టిలో కరిగిన నీలి గాలి తగిలిన వెంటనే నీలంగా మారి, కరగని స్థితికి వస్తుంది. కనుక దానిని అచ్చుతో అద్దడం కష్టం. నీలం అక్కరలేనిచోట మైనం పూసి, గుడ్డనంతటినీ తొట్టిలో ముంచేవారు. ఆ నీలంపై పసుపురంగు పూస్తే ఆకుపచ్చ వచ్చేది. ఒకే వస్త్రంలో ఎరుపుకు ఒక మార్గం, నీలానికి మరొక మార్గం అవసరమయ్యాయి. పద్ధతిని చేసేవాని ఇష్టం మాత్రమే కాక రంగు స్వభావం కూడా శాసించిందన్నమాట.

ఈ విజ్ఞానాన్ని ఐరోపాకు చేరవేసినవారిలో తెలుగు పరిశోధకులకు పరిచితుడైన జెస్యూట్ మతాచార్యుడు కేర్దూ ఒకడు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో గల బంధుత్వాన్ని గుర్తించినవాడుగా, తెలుగు–ఫ్రెంచి నిఘంటుకర్తగా ఆయన ప్రసిద్ధుడు. దక్షిణ కోరమండల్ తీరపు వస్త్రచిత్రణ విధానాన్ని ఆయన 1742 నాటి లేఖలో దశలవారీగా వివరించాడు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువడిన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో చిరివేరు మొక్కను, దాని రంగు తీసే విధానాన్ని నమోదు చేశాడు. చేతుల్లో ఉన్న విద్య కాగితంపైకి ఎక్కిన ఘట్టమిది.

5. ఐరోపా ఎంచుకున్న దారి:

భారతీయ అద్దకవస్త్రాల పోటీని తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 వరకు కొనసాగింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని, 1721లో వాడకాన్ని కూడా చట్టం ద్వారా కట్టడి చేసింది. ఈలోగా అక్కడి ముద్రకులు పటిక, ఇనుపద్రవాల మర్మాన్ని గ్రహించారు. కాని కలాన్ని తీసుకోలేదు. చేతిపనికి కూలి ఎక్కువైన దేశాలలో వారు కొయ్య అచ్చునే ఎంచుకొని, దానిని క్రమంగా యంత్రంగా మార్చారు. 1752లో ఐర్లండులో ఫ్రాన్సిస్ నిక్సన్ రాగిరేకుతో, 1783లో థామస్ బెల్ పేటెంటు పొందిన రాగి రోలరుతో ముద్రణ వేగం పుంజుకుంది.

రోలరుపై బొమ్మ చెక్కడానికి ఖర్చు అధికం. వేల గజాలు ముద్రిస్తేనే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. కనుక రోలరు పద్ధతి తనతోపాటు ఒక కొత్త కొనుగోలుదారుని కూడా సృష్టించుకుంది: తన నమూనా పంపేవాడు కాక, ఉన్న నమూనాలలో నుండి ఎంచుకునేవాడు. 1869 నాటికి చిరివేరు ఎరుపులోని అలిజరిన్‌ను, 1897లో నీలిని కర్మాగారాలు కృత్రిమంగా తయారుచేసి మార్కెట్టుకు అందించడంతో తీరపు రంగుపంటలకు గిరాకీ పోయింది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన మచిలీపట్నాన్ని కోలుకోలేని దెబ్బ తీసింది. అయినా పారశీక అభిరుచికి తగిన అచ్చువస్త్రాల పని అక్కడ నిలిచింది. 1917లో డబ్ల్యు. ఎస్. హాడవే మద్రాసు రాజధాని వస్త్రచిత్రణపై వెలువరించిన గ్రంథం ఈ మిగిలిన పనిని నమోదు చేసింది.

6. పెడన అచ్చు, స్క్రీన్ రాక:

1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు, దానికి నాయకత్వం వహించిన కమలాదేవీ చటోపాధ్యాయ కృషి కలంకారీ పునరుద్ధరణకు తోడ్పడ్డాయి. శ్రీకాళహస్తిలో కలం నిలిచింది. మచిలీపట్నం సమీపాన ఉన్న పెడనలో అచ్చు నిలిచింది. టేకుకొయ్యపై చెక్కిన అచ్చులలో గీతకు ఒకటి, ప్రతి రంగుకూ ఒకటి వేరువేరుగా ఉంటాయి. ఒక్కసారి చెక్కిన అచ్చు ఏళ్లతరబడి పనికివస్తుంది. అందుచేత అది పరికరం మాత్రమే కాదు, ఒక కుటుంబపు పెట్టుబడి, నమూనాల భాండాగారం కూడా.

తెలుగులో ‘అచ్చుగుద్దినట్టు’ అంటే ఏ తేడా లేకుండా అని అర్థం. నిజానికి చేతి అచ్చు ఎన్నడూ అంత కచ్చితంగా పడదు. ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలయ్యేచోట వెంట్రుకవాసి ఎడమో, కలయికో కనిపిస్తుంది. ఆ స్వల్పమైన తేడాయే చేతిపనికి గుర్తు. జాతీయం కోరిన కచ్చితత్వాన్ని సాధించినది స్క్రీన్. 1907లో మాంచెస్టరుకు చెందిన శామ్యూల్ సైమన్ పేటెంటు పొందిన ఈ విధానంలో చట్రానికి బిగించిన సన్నని వలగుడ్డపై బొమ్మ ఉన్నచోట తప్ప మిగిలినచోట రంధ్రాలను మూసివేస్తారు. రబ్బరుపట్టీతో రంగును లాగితే తెరిచిన రంధ్రాల గుండా అది కిందికి దిగుతుంది. అచ్చును గుడ్డపై పదులసార్లు గుద్దవలసిన విస్తీర్ణం ఒక్క లాగులో పూర్తవుతుంది.

కలంకారీ నమూనాలకు గిరాకీ పెరిగిన కొద్దీ స్క్రీన్ ముద్రణ వాటిని చేపట్టింది. పెడన అచ్చుపనికి ప్రధానమైన పోటీ నేడు దానినుండే వస్తున్నది. కరక్కాయ, పటిక, ఉడకబెట్టడం, కాలువలో ఉతకడం వంటి దశలన్నీ తప్పి, తయారైన రంగు నేరుగా గుడ్డపైకి ఎక్కుతుంది. కాలం కలిసివస్తుంది, ధర తగ్గుతుంది. కానీ గుడ్డపై ఉన్నవి అవే లతలు, అవే నెమళ్లు. చూసేవారికి పద్ధతి కనిపించదు, నమూనా మాత్రమే కనిపిస్తుంది.

7. టీషర్టు – పాత ప్రశ్న, కొత్త గుడ్డ:

చిల్లకల్లు ఉత్సవసంఘం ముందున్న ఎంపికను ఈ చరిత్ర వెలుగులో పరిశీలించవచ్చు. టీషర్టు గుడ్డ నేసినది కాదు, అల్లినది. సాగే గుణమున్నది. సాగే గుడ్డపై ఒక రంగు అచ్చు పక్కన మరొక రంగు అచ్చును సరిగా కూర్చడం కష్టం. కనుక కొయ్య అచ్చు ఇక్కడ మొదటే వెనుకబడుతుంది.

స్క్రీన్ పద్ధతిలో ప్రతి రంగుకూ ఒక స్క్రీన్ తయారుచేయాలి. ఆ ఖర్చు పది టీషర్టులకైనా వేయింటికైనా ఒకటే. సంఖ్య పెరిగినకొద్దీ ఒక్కొక్కదానిపై పడే భారం తగ్గుతుంది. ఒకటి రెండు రంగుల బొమ్మ, పెద్ద సంఖ్య ఉంటే ఇదే అనువైనది. ప్లాస్టిసాల్ సిరాను సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడిలో సరిగా గట్టిపరిస్తే అది పలు ఉతుకులకు ఆగుతుంది. నేరుగా గుడ్డపై సిరా చిమ్మే డిజిటల్ ముద్రణకు స్క్రీన్‌లు అక్కరలేదు. ఎన్ని రంగులున్నా, బొమ్మ ప్రతిసారీ మారినా అదనపు ఏర్పాటు ఉండదు. అయితే వందవ టీషర్టుకూ మొదటిదానికి పట్టినంత సమయమే పడుతుంది. నూలుగుడ్డకు, కొద్ది సంఖ్యకు ఇది తగినది. సబ్లిమేషన్ పద్ధతిలో సుమారు 200 డిగ్రీల వేడికి రంగు ఆవిరై పాలియెస్టరు పోగులోకి చొచ్చుకుపోతుంది. నూలుపై నిలవదు, ముదురురంగు గుడ్డపై కనిపించదు. లేతరంగు పాలియెస్టరు క్రీడాదుస్తులకు అది సరిపోతుంది. ప్రత్యేకమైన ఫిల్ముపై ముద్రించి, జిగురుపొడి చల్లి, వేడితో గుడ్డకు బదిలీచేసే పద్ధతి రెండురకాల గుడ్డలపైనా పనిచేస్తుంది. కాని బొమ్మ గుడ్డపై ఒక పొరగా మిగులుతుంది, గాలి ఆడదు.

ఈ వివరాలను వెనుకటి చరిత్రతో జోడిస్తే ఆసక్తికరమైన వంశక్రమం బయటపడుతుంది. ముందస్తు ఖర్చు పెట్టి, సంఖ్యతో దానిని రాబట్టుకునే స్క్రీన్ ఆర్థికరీత్యా అచ్చుకు, రోలరుకు వారసురాలు. ముందస్తు ఖర్చు లేక, ప్రతి ప్రతికీ సమానమైన సమయం తీసుకునే డిజిటల్ ముద్రణ కలానికి వారసురాలు. రోలరు యుగంలో నమూనా పంపే హక్కును కోల్పోయిన చిన్న కొనుగోలుదారునికి డిజిటల్ పద్ధతి ఆ హక్కును తిరిగి ఇచ్చింది. అయితే ఈ వారసత్వం లెక్కకు సంబంధించినది మాత్రమే. కలంలో సమయమంటే మనిషి శ్రమ, నేర్పు. యంత్రంలో సమయమంటే కేవలం నిరీక్షణ. రంగు విషయంలోనూ భేదముంది. పటిక సాయంతో నూలులో బంధితమైన చిరివేరు ఎరుపుకూ, గుడ్డ ఉపరితలంపై అంటుకొని ఉండే సిరాకూ మన్నిక ఒకటి కాదు.

8. పేరు, పద్ధతి:

ఈ ఎంపికలో ముద్రణదుకాణం అడగని నాలుగవ ప్రశ్న ఒకటుంది: తయారైన దానిని ఏమని పిలవాలి? తెలుగులో పద్ధతులకు వేరువేరు మాటలున్నాయి. చేతితో గీసేది రాత. రంగు ముంచి ఒత్తేది అద్దకం. ఒత్తే పరికరం అచ్చు. అద్దినగుడ్డకు చీటిగుడ్డ అన్న వాడుక కూడా ఉంది. ‘కలంకారీ’ పారశీకపు మాట. కలంతో చేసిన పని అని దాని అర్థం. పెడన అచ్చుపనికి కూడా ఆ పేరే స్థిరపడడంతో మాట మొదటిసారి పద్ధతిని విడిచింది. స్క్రీన్‌పైన వేసినదానికీ ఆ పేరు పెట్టడంతో రెండవసారి విడిచింది. డిజిటల్ యంత్రం చిమ్మిన టీషర్టును ‘కలంకారీ టీషర్టు’ అనడంతో అది కేవలం ఒక నమూనాశైలికి పేరుగా మిగిలింది.

1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం 2003లో అమలులోకి వచ్చిన తరువాత శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలు రెండూ వేరువేరుగా నమోదయ్యాయి. ఈ నమోదు ఊరినీ పనినీ కలిపి రక్షించే ప్రయత్నం. కాని సంతలో, దుకాణంలో కొనేవారు ధరనూ బొమ్మనూ చూస్తారు. ఒకే పేరుతో రెండు ధరలు ఎదురైతే తక్కువ ధరవైపే మొగ్గుతారు. చేయి తెలిసినవానికి నష్టం జరిగేది ఇక్కడే. స్క్రీన్ ముద్రణ దోషం కాదు. అది వందలమంది ఇష్టపడే బొమ్మను అందరికీ అందుబాటులోకి తెచ్చే సక్రమమైన పద్ధతి. దోషం పేరును దాచడంలో ఉంది. గుడ్డ వెనుకవైపుకు రంగు ఎంతమేర దిగింది, అచ్చుల అతుకుల వద్ద స్వల్పమైన తేడా ఉందా అన్నవి చూస్తే జాగ్రత్తగల కొనుగోలుదారుడు కొంతవరకు గుర్తించగలడు. అందరికీ అది సాధ్యం కాదు.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా కింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. కృష్ణాతీర వస్త్రముద్రణలో కలం, అచ్చు ఒకదాని తరువాత ఒకటి వచ్చిన దశలు కావు. 17వ శతాబ్దంలోనే పక్కపక్కన నిలిచిన ప్రత్యామ్నాయాలు.

2. ప్రతుల సంఖ్య, రంగు స్వభావం, గుడ్డ అనే మూడు అంశాలు ఆనాటి కలంకారీకీ నేటి టీషర్టుకూ సమానంగా వర్తిస్తాయి.

3. స్క్రీన్ పద్ధతి అచ్చు ఆర్థికసూత్రాన్ని, డిజిటల్ పద్ధతి కలం ఆర్థికసూత్రాన్ని కొనసాగిస్తున్నాయి. పటికతో రంగును నూలులో బంధించిన విద్యను మాత్రం ఈ రెండూ కొనసాగించడం లేదు.

4. పద్ధతి మారినా పేరు మారకపోవడం చేతిపనివారికి ఆర్థికంగా నష్టం కలిగిస్తున్నది. ఊరిపేరుతోపాటు ‘కలంరాత’, ‘కొయ్య అచ్చు’, ‘స్క్రీన్’, ‘డిజిటల్’ అని పద్ధతిని కూడా లేబులుపై తెలుగులో ముద్రించడం ఆచరణసాధ్యమైన పరిష్కారం.

చిల్లకల్లు యువకులు పండుగకు స్క్రీన్ టీషర్టులు వేయించుకుంటే పెడనకు నష్టమేమీ లేదు. ఆ టీషర్టుపై లతలు వేసి కలంకారీ అని అమ్మినప్పుడే నష్టం. రెండింటినీ వేరుచేసి చెప్పగల మాటలు తెలుగులో ఇప్పటికే ఉన్నాయి. వాటిని లేబులుపైకి తేవడమే మిగిలింది.